గౌరవ కమిటీ వారి డాన్సు ప్రోగ్రాం

ఆడవాళ్ళను గౌరవించడం ఎలాగో తేల్చడానికి ఆ కంపెనీ వారు ఒక కమిటీ వేశారు. కమిటీలో ఐదుగురు సభ్యులు. ఐదుగురూ మగవాళ్ళే. ఇదేమిటని అడిగినవాళ్ళకు అధ్యక్షుల వారు ఓపికగా జవాబు చెప్పేవారు. విషయం ఆడవాళ్ళది కాబట్టి ఆడవాళ్ళే కమిటీలో కూర్చుంటే పక్షపాతం అవుతుందట, రోగి వచ్చి డాక్టరు కుర్చీలో కూర్చున్నట్టు ఉంటుందట. విన్నవాళ్ళు నిజమే కదా అనుకుని వెళ్ళిపోయేవారు. నేనూ అలాగే అనుకున్నాను.

నాకు ఆ కమిటీతో పని పడింది డ్రస్సుల వల్ల. యూసుఫ్‌గూడలో లోవరాజు మాస్టారి డాన్సు ట్రూపుకి బట్టలు కుట్టేదీ, ఉతికించేదీ, పిన్నీసులు పెట్టేదీ నేనే. మాస్టారిది తుని. ట్రూపులో పిల్లలు కూడా చాలామంది అటుపక్కవాళ్ళే. తిరనాళ్ళలో రికార్డింగ్ డాన్సులు చేసి చేసి, ఇప్పుడు హైదరాబాదులో పెళ్ళిళ్ళకీ కంపెనీ పార్టీలకీ చేస్తున్నారు. ఈ కంపెనీ హైటెక్ సిటీలో ఉంది. వీడియో గేములు తయారు చేస్తుంది. పేరు ఎందుకులెండి.

కిందటేడు వాళ్ళ కొత్త గేము విడుదల పార్టీకి మమ్మల్ని పిలిచారు. ఆ గేములో ఒక యుద్ధరాణి ఉంది. ఇనప కవచం వేసుకుంటుంది గాని, ఎక్కడ పొడిస్తే ప్రాణం పోతుందో సరిగ్గా అక్కడ ఆ కవచం ఉండదు. అలాంటి డ్రస్సులే మా పిల్లలకూ కుట్టమన్నారు. మామూలుగా నేను తానులు తానులు గుడ్డ కొంటాను. ఈ డ్రస్సులకు మాత్రం బజారుకు వెళ్ళక్కర్లేకపోయింది. ఇంట్లో మిగిలిన పీలికలు సరిపోయాయి. పిల్లలు డాన్సు చేశారు. కంపెనీ వాళ్ళు ఈలలు వేశారు. భోజనాలు బాగున్నాయి. మేము వచ్చేశాం.

మర్నాడు ఆ కంపెనీలో పనిచేసే హరిణి అనే అమ్మాయి ఆఫీసులో అందరికీ ఒక మెయిల్ పెట్టింది. మా పిల్లల్ని ఒక్క మాట అనలేదు. "నిన్న పార్టీలో ఆడవాళ్ళను స్టేజీ ఎక్కించారు, సంతోషం. కాని వాళ్ళందరినీ బయటినుంచి తెచ్చారు. ఇక్కడే గేములు తయారుచేసే ఆడవాళ్ళం ఏడుగురం ఉన్నాం. వెనకాల నిలబడి సమోసాలు తిన్నాం. వచ్చే ఏడాది పార్టీలో నాకు స్టేజీ మీద పది నిమిషాలు ఇవ్వండి. నేను తయారుచేస్తున్న గేము చూపిస్తాను." ఆమె రాసింది ఇంతే.

ఆ మెయిల్ బయటికి పొక్కింది. టీవీల వాళ్ళు పట్టుకున్నారు. పది నిమిషాల సంగతి ఎవరికీ పట్టలేదు, పీలికల సంగతే పట్టింది. ఆ డాన్సు ముక్కను పొద్దస్తమానం చూపిస్తూ, ఇలాంటివి జనానికి చూపించవచ్చా అని చర్చ పెట్టారు. సగం మంది సంస్కృతి పోయిందన్నారు. సగం మంది సరదా పోతోందన్నారు. కంపెనీ వారికి సిగ్గేసి గౌరవ కమిటీ వేశారు.

అధ్యక్షులు దశరథరామారావు గారు. ఏదో ప్రభుత్వ శాఖలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరై, ఎవరు పిలిస్తే వారి కమిటీకి అధ్యక్షత వహిస్తూ కాలక్షేపం చేస్తున్నారు. ఆయన పక్కన శశిధర్ గారు. కంపెనీలో ఉద్యోగుల మంచిచెడ్డలు చూసే హెచ్.ఆర్. పెద్ద ఆయనే. తక్కిన ముగ్గురూ ఎవరో నాకు చివరిదాకా తెలియలేదు. తలలు ఊపడానికి వచ్చేవారు.

డ్రస్సులతో సహా హాజరు కమ్మని మాకు కబురు వచ్చింది. నేనూ, మాస్టారూ, ట్రూపులో మొదటి డాన్సరు నూకరత్నమూ వెళ్ళాం. పోస్టర్ల మీద ఆమె పేరు నిక్కీ.

దశరథరామారావు గారు మా కవచాన్ని పెన్సిలు కొసతో పైకెత్తారు. "సదరు వస్త్రము శరీరమున ఏ ప్రాంతమును కప్పుటకు ఉద్దేశింపబడినది?" అన్నారు.

"మీవోళ్ళిచ్చిన బొమ్మ చూసే కుట్టించామండి," అన్నారు మాస్టారు. "గేములో ఆవిడకి ఇంకా తక్కువుందండి. మేమే మొహమాటపడి రెండంగుళాలు కలిపామండి, ఆయ్."

"అది క్యారెక్టర్ డిజైన్," అన్నారు శశిధర్ గారు. "బొమ్మ వేసుకుంటే అది క్రియేటివిటీ. మనిషి వేసుకుంటే కల్చర్ ఇష్యూ. ఆ రెండిటినీ మనం మిక్స్ చెయ్యకూడదు మాస్టారూ."

ముగ్గురూ తలలు ఊపారు.

చీర కట్టించాలని మొదట తీర్మానించారు. చీర అంటే నడుము కనిపిస్తుందని ఒక సభ్యులకు అనుమానం వచ్చింది. దాని మీద మోకాళ్ళ దాకా కోటు వెయ్యాలని సవరించారు. మెడ సంగతి చర్చకు వచ్చింది. మఫ్లరు చేర్చారు. 

"మరి చెయ్యెత్తేదెలాగండి?" అన్నారు మాస్టారు.

"చేయి ఎత్తవలసిన అగత్యమేమి?"

"డాన్సు కదండీ."

"నా సర్వీసులో గమనించితిని," అన్నారు దశరథరామారావు గారు. "అభ్యంతరములన్నియు చేయి ఎత్తుట వద్దనే ప్రారంభమగును."

అప్పుడు అద్దాల తలుపు కొంచెం తెరుచుకుని ఒక అమ్మాయి తల లోపలికి పెట్టింది. జుట్టు ముడిలో పెన్ను గుచ్చుకుని ఉంది. "సర్, నేను హరిణిని. నేను డ్రస్సుల మీద ఫిర్యాదు చెయ్యలేదు సర్. నా పది నిమిషాల గురించి ఏమన్నా…"

శశిధర్ గారు రెండు చేతులూ అడ్డం పెట్టారు. "హరిణీ, ప్లీజ్! ఫిర్యాదు చేసినవాళ్ళ ఐడెంటిటీని ప్రొటెక్ట్ చెయ్యడం కమిటీ మొదటి బాధ్యత. మీరు దయచేసి కనిపించకండి."

"నేనెవరో అందరికీ తెలుసు కదా సర్. టీవీలో కూడా వచ్చింది."

"మాకు మాత్రం తెలియదు," అన్నారు శశిధర్ గారు గంభీరంగా. "వెళ్ళండి హరిణీ."

తలుపు మూసుకుంది. ఆ అమ్మాయి అద్దం అవతల కాసేపు అలాగే నిలబడింది. కమిటీ వారు ఆమె ఐడెంటిటీ కోసం తలలు పక్కకు తిప్పుకుని కూర్చున్నారు.

రెండోసారి పిలిచినప్పుడు నూకరత్నాన్ని కోటుతో డాన్సు చేసి చూపించమన్నారు. చీర, కోటు, మఫ్లరు వేసుకున్న నూకరత్నం ఊటీలో తప్పిపోయిన మనిషిలా ఉంది. అయినా పాట పెట్టగానే ఊపందుకుంది. కమిటీ వారు నిష్పక్షపాతంగా చూశారు. నిష్పక్షపాతంగా చూడటానికి ఒక్కసారి చాలదట. మళ్ళీ వెయ్యమన్నారు. మళ్ళీ వేసింది. కళ్ళజోళ్ళు తుడుచుకుని ఇంకోసారి అన్నారు.

"ఆ మూడవ చలనము మరియొక పర్యాయము," అన్నారు దశరథరామారావు గారు. "ఫైలు నిమిత్తము."

నూకరత్నం చెమట తుడుచుకుంటూ నా దగ్గరకు వచ్చింది. "పిన్నీ, జాతరలో కూడా ఇన్ని ఒన్స్‌మోర్లు పడలేదే. అక్కడ తాగున్నోళ్ళు. ఈళ్ళకేం రోగం?"

"పనే తల్లీ, పని," అన్నాను. "చూడకుండా చెడ్డదని ఎలా తేలుస్తారు పాపం?"

సాయంత్రానికి తేలింది. తప్పు బట్టల్లో లేదు, కదలడంలో ఉంది. కోటు వేసినా, దుప్పటి కప్పినా లోపల మనిషి కదులుతున్నట్టు తెలిసిపోతోంది. కాబట్టి పార్టీలో డాన్సర్లు కదలరాదని ఏకగ్రీవంగా తీర్మానించారు.

"అయితే మేము రావక్కర్లేదన్నమాట," అన్నారు మాస్టారు. ఆయన మొహం వాడిపోయింది.

"అయ్యయ్యో, రావాలి!" అన్నారు శశిధర్ గారు. డాన్సర్లను మానేస్తే కష్టపడి బతికే ఆడవాళ్ళ పొట్ట కొట్టినట్టవుతుందని ఇంకో టీవీలో గట్టిగా అడిగారట. కాబట్టి డాన్సర్లు రావాలి. డాన్సు చెయ్యకూడదు. 

"వచ్చి ఏం చెయ్యమంటారండి మరి?"

ఈ ప్రశ్నకు జవాబు కోసం కమిటీ మూడోసారి కూర్చుంది. అప్పుడే శశిధర్ గారికి ఆ గొప్ప ఆలోచన వచ్చింది. ఇంత పెద్ద కంపెనీలో ఆడవాళ్ళు ఏడుగురేనా అని కూడా జనం అడుగుతున్నారు. ఒకపక్క ఆడవాళ్ళు చాలక ఇబ్బంది. ఇంకోపక్క ఇంతమంది ఆడవాళ్ళు వచ్చి ఊరికే కూర్చోవాల్సిన ఇబ్బంది. రెండు ఇబ్బందులూ ఒకదానికొకటి సరిపోయాయి. మా పిల్లలు మెడలో కార్డులు వేసుకుని, కంపెనీ ఇంజనీర్లలా ముందు వరసల్లో కూర్చోవాలి. ఫోటోలు తీస్తారు.

"అంటే మా పిల్లలు ఆఫీసరమ్మల్లాగా యాక్టింగ్ చెయ్యాలాండి?"

"యాక్టింగ్ కాదు మాస్టారూ. ప్రెజెన్స్."

"మీకున్న ఏడుగుర్నీ కూర్చోబెట్టొచ్చు కదండీ?" అంది నూకరత్నం.

శశిధర్ గారు గొంతు తగ్గించారు. "ట్రై చేశామమ్మా. ట్రయల్ ఫోటోలు తీయించాం. వాళ్ళు ఇంజనీర్లలా లేరు. బాగా అలిసిపోయినట్టున్నారు. వీళ్ళెవరు అని ఫోటోగ్రాఫరే అడిగాడు."

మా పిల్లలకు ట్రైనింగ్ మొదలైంది. కళ్ళజోళ్ళు పెట్టారు. నేను నూలు కుర్తాలు కుట్టాను. లాప్‌టాప్‌ను చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఛాతీకి ఆనించి పట్టుకోవడం, కనుబొమలు ముడివెయ్యడం నేర్పారు. ఎవరైనా పలకరిస్తే "సింక్ అవుదాం" అనాలి.

"అంటే ఏంటండీ?" అంది నూకరత్నం.

"అది ఎవరికీ తెలియదు," అన్నారు శశిధర్ గారు. "అందరూ అంటారు."

నూకరత్నానికి పని అంటే పని. ఏ వేషం కట్టినా ముందు వెళ్ళి అసలు మనిషిని చూసి వస్తుంది. నన్ను వెంటపెట్టుకుని హరిణి కూర్చునే చోటికి వెళ్ళింది. ఆ అమ్మాయి డబ్బాలో పెరుగన్నం ఒక చేత్తో తింటూ, ఇంకో చేత్తో కంప్యూటర్ మీద కొడుతోంది.

"మేడమ్, మీలాగా కూర్చోవాలంట నేను," అంది నూకరత్నం. "మీరు కనుబొమ్మలు ముడెయ్యరా?"

"ఎర్రర్ వచ్చినప్పుడు వేస్త," అంది హరిణి. "కూర్చో అక్కా. పిన్నీ, మీరు కూడ కూర్చోండ్రి." మా పిల్లలు పిలిచినట్టే ఆమె కూడా నన్ను పిలిచింది.

ఆమెది జనగామ. వాళ్ళమ్మ ఆర్టీసీలో కండక్టరు. ఆమె తయారుచేస్తున్న గేము పేరు "కండక్టరమ్మ". ఫోను చేతికిచ్చి ఆడమంది. కిక్కిరిసిన పల్లెవెలుగు బస్సు. మనమే కండక్టరమ్మ. తర్వాతి స్టాపు వచ్చేలోగా జనంలోంచి దారి చేసుకుని వెనకదాకా టిక్కెట్లు కొట్టాలి. ఒకాయన కాళ్ళ దగ్గర కోళ్ళ గంప ఉంటుంది. ఒకామె సీటు కోసం చేతిరుమాలు వేసి పోట్లాడుతుంది. ఒకడు టిక్కెట్టు తీసుకోకుండా నిద్ర నటిస్తాడు. ఫుట్‌బోర్డు మీద నిలబడ్డవాడు ఎంత చెప్పినా లోపలికి రాడు.

నూకరత్నం అరగంట కదల్లేదు. "ఓయ్ ఫుట్‌బోర్డూ! లోపలికి రా, లేదంటే బస్సాపేస్తాను!" అని ఫోను మీద అరిచింది. చుట్టుపక్కల వాళ్ళు లేచి చూశారు. ఆ ఆఫీసులో గేము ఆడుతూ ఎవరైనా నవ్వడం నేను అప్పుడే చూశాను.

"దీన్ని చూపించడానికేనా తల్లీ పది నిమిషాలు అడిగావు?" అన్నాను.

"అవు పిన్నీ. సింగపూర్ నుంచి పెట్టుబడి పెట్టేటోళ్ళు పార్టీకి వస్తున్నరు. ఆళ్ళు చూస్తె ఇది బతుకుతది. చూడకపోతె నెలాఖరుకు మూసేస్తరు. ఈ గేము చేసే మా ముగ్గుర్ని యుద్ధరాణి జుట్టు పనిల ఏస్తరు."

"జుట్టుకి ముగ్గురెందుకు?"

"కవచం లేని చోటల్ల జుట్టు పడాల్నని కమిటీ రూల్ పెట్టింది. గాలి ఎటొచ్చినా అక్కడ్నే పడాలె. చాన పని పిన్నీ."

"కమిటీ నీ పది నిమిషాల సంగతి ఏమంది మరి?"

"ఆడవాళ్ళ సమస్య తేలినంక చూద్దామన్నరు," అంది. డబ్బా మూత పెట్టేసింది. పెరుగన్నం సగం అలాగే ఉంది.

పార్టీకి ముందురోజు శశిధర్ గారు హరిణి కార్డు అడిగి తీసుకున్నారు. గేటు దగ్గర మెషీను నిజమైన ఉద్యోగుల నెంబర్లు తప్ప ఒప్పుకోదట. ఒక నెంబరుకు ఒకే కార్డట. ఏడుగురి కార్డులూ తీసుకుని, ముందు వరసలో కూర్చునే మా ఏడుగురు పిల్లలకు ఇచ్చారు. హరిణి కార్డు నూకరత్నానికి వచ్చింది. తక్కిన పిల్లల్ని వాళ్ళ అతిథులుగా రాశారు.

"మరి మేమెట్ల వస్తం సర్?" అని హరిణి అడిగిందట.

"మీ కార్డు లోపల ఉంటుంది కదా," అన్నారట శశిధర్ గారు. "మిమ్మల్ని ఇంక్లూడ్ చేసినట్టే."

పార్టీ గచ్చిబౌలిలో ఒక పెద్ద హోటలు హాల్లో. గేటు దగ్గర పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టారు: స్త్రీల గౌరవార్థం ఈ వేడుకకు డాన్సర్లకు ప్రవేశం లేదు. మా డాన్సర్లందరూ కళ్ళజోళ్ళు సర్దుకుంటూ, లాప్‌టాపులు ఎత్తుకుని ఆ బోర్డు పక్కనుంచి లోపలికి వెళ్ళారు. మెషీను అందరికీ పచ్చ లైటు వేసింది. 

ఎవరికైనా పిన్నీసు ఊడితే పెట్టడానికి నేను తలుపు లోపలే స్టూలు మీద కూర్చున్నాను. అద్దంలోంచి బయట హరిణి కనిపించింది. స్టేజీ ఎక్కించరని ఆమెకు ఇంకా నమ్మకం కుదిరినట్టు లేదు. నెమలికంఠం రంగు పట్టుచీర కట్టి, పూలు పెట్టుకుని, లాప్‌టాప్ సంచీతో వచ్చింది. తక్కిన ఆరుగురూ ఇళ్ళకు వెళ్ళిపోయారట. ఈమె ఒక్కతే వచ్చింది.

"కార్డు చూపియ్యమ్మా," అన్నాడు గేటు మనిషి.

"కార్డు లోపలున్నది."

"కార్డు లోపలుంటే మనిషి బయటెందుకున్నది?"

"నేను ఈడనే పనిచేస్త అన్నా. నా పేరు హరిణి."

అతను మెషీను చూశాడు. "హరిణి మేడమ్ ఎప్పుడో లోపలికి పోయింది. నువ్వెవరు? పూలు, పట్టుచీర… డాన్సరువా?"

"డాన్సర్ లెక్క కనిపిస్తున్ననా?"

"లోపలికి పోయినోళ్ళంత ఇంజనీర్ల లెక్క ఉన్నరు. నువ్వే గిట్లున్నవ్. డాన్సర్లను పంపొద్దన్నరు తల్లీ. మీ గౌరవం కోసమే చెప్తున్న, ఏమనుకోకు."

నేను లేచి, ఆ అమ్మాయి నిజంగా ఇక్కడి ఉద్యోగే నాయనా అని చెప్పాను. నువ్వెవరన్నాడు. డ్రస్సుల మనిషినన్నాను. ఎవరి డ్రస్సులు అన్నాడు. డాన్సర్లవని ఎలా చెప్పను? వెళ్ళి నూకరత్నం చెవిలో వేశాను. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. ట్రైనింగులో అంత బాగా ఎప్పుడూ ముడిపడలేదు.

స్టేజీ మీద "స్త్రీ గౌరవం – మన బాధ్యత" అని చర్చ నడుస్తోంది. కమిటీ వారు ఐదుగురూ కుర్చీల్లో కూర్చున్నారు. స్టేజీ చుట్టూ పసుపుపచ్చ టేపు వేసి ఉంది. ఆడమనిషి స్టేజీ మీద ఉండగా మగవారెవరూ ఆ టేపు దాటరాదని ఆనాటి కొత్త రూలు. ఆడమనిషి ఎవరూ స్టేజీ ఎక్కే పని లేదు కనుక ఎవరికీ ఇబ్బంది లేకపోయింది. దశరథరామారావు గారు వేదకాలంతో మొదలుపెట్టి, భోజనాల వేళకు మొగలుల దాకా వచ్చారు.

ముందు వరసలో కంపెనీ ఎం.డి. గారి పక్కన సింగపూర్ నుంచి వచ్చిన సుందరవల్లి గారు కూర్చున్నారు. అరవావిడ, పెద్దావిడ. చేత్తో ఆవులింత కప్పుకుని, అడ్డం వచ్చారు. "సార్, సార్, ఒక్క నిమిషం. ఆ మెయిల్ పెట్టిన అమ్మాయి ఉందా? ఆ అమ్మాయి మాట్లాడితే వింటాను. మీరు చాలా బాగా చెప్పారు. చాలు."

శశిధర్ గారు ఎం.డి. గారి వంక చూశారు. ఎం.డి. గారు శశిధర్ గారి వంక చూశారు. ఇద్దరూ కలిసి నూకరత్నం మెడలో కార్డు వంక చూశారు.

"హరిణీ, ప్లీజ్," అన్నారు శశిధర్ గారు. దగ్గరకు వచ్చి మెల్లిగా, "రెండే ముక్కలు. థాంక్యూ చెప్పి దిగిపోమ్మా," అన్నారు.

నూకరత్నం మెట్లెక్కింది. ఆడమనిషి స్టేజీ ఎక్కింది కనుక కమిటీ వారు దిగాల్సి వచ్చింది. రూలు రాసింది వారే. ఐదుగురూ కాగితాలు సర్దుకుని, ఒకరి వెనక ఒకరు టేపు దాటి కిందికి వచ్చి, కుర్చీలు లేక గోడ పక్కన నిలబడ్డారు.

"అందరికీ నమస్కారమండి," అంది నూకరత్నం మైకులో. "సింక్ అవుదాం."

అందరూ చప్పట్లు కొట్టారు. శశిధర్ గారు ఊపిరి పీల్చుకున్నారు. ఆమె ఇక దిగాలి.

మా స్టేజీల మీద ఒక పద్ధతి ఉంది. స్టేజీ ఎప్పుడూ ఖాళీ పడకూడదు. ఖాళీ పడితే జనం లేచిపోతారు, లేదా రాళ్ళు పడతాయి. అందుకని పైనున్న మనిషి తర్వాత వచ్చే మనిషిని పేరు పెట్టి పిలిచి, ఆమె మెట్టు మీద కాలు పెట్టాకే దిగుతుంది. చిన్నప్పటినుంచీ నూకరత్నానికి అది నోటికి వచ్చిన పని. మైకు పైకెత్తి, జాతర గొంతుతో కేక పెట్టింది.

"ఇప్పుడు రాబోతోందండీ… జనగామ చిన్నది… బస్సెక్కి వస్తోంది… మీ హరిణి! హరిణి! హరిణి!"

అలవాటు చొప్పున నోరు జారిందో, కావాలనే అందో నేను ఇప్పటికీ అడగలేదు.

"హరిణి మీరే కదమ్మా?" అన్నారు సుందరవల్లి గారు.

"నేను కార్డు హరిణినండి. మనిషి హరిణి గేటు కాడుందండి."

శశిధర్ గారు టేపు దాకా పరుగెత్తి, అక్కడ ఆగిపోయి, "దిగండి, దిగండి," అని చేతులు ఊపారు.

"తర్వాత మనిషి మెట్టెక్కందే దిగకూడదండి. స్టేజీ ఖాళీ అయిపోద్ది."

"ఎవరైనా లేడీస్ వెళ్ళి ఆమెను దింపండమ్మా!" అని శశిధర్ గారు హాలు వైపు తిరిగారు. ఆ హాల్లో ఉన్న లేడీస్ సుందరవల్లి గారు కాక అందరూ మావాళ్ళే. కనుబొమలు ముడేసి, లాప్‌టాపులు ఎత్తుకుని, "సింక్ అవుదాం, సింక్ అవుదాం," అన్నారు. ఎవరూ లేవలేదు.

ఎం.డి. గారు ఊరికే ఎం.డి. కాలేదు. ఉద్యోగి కార్డు తీసుకుని ఉద్యోగిని గేటు బయట నిలబెట్టామని సింగపూరు వారి ముందు ఒప్పుకుంటే ఇంకేమైనా ఉందా? లేచి నిలబడి, చిరునవ్వు నవ్వి, "ఇదొక సర్‌ప్రైజ్ ఐటమ్ మేడమ్," అన్నారు. గేటు మనిషికి ఫోను చేసి అందరూ వినేట్టు చెప్పారు. "బయట పట్టుచీరలో ఒక డాన్సర్ ఉన్నారు. వెంటనే లోపలికి పంపించు."

"డాన్సర్లను పంపొద్దని బోర్డున్నది కద సార్," అన్నాడతను.

"బోర్డు తీసెయ్!"

హరిణి వచ్చింది. మెట్టు మీద ఆమె కాలు పడగానే నూకరత్నం మైకు ఆమె చేతిలో పెట్టి దిగిపోయింది. హరిణి సంచీలోంచి లాప్‌టాప్ తీసింది. లాప్‌టాప్ వైరు రెండుసార్లు జారింది. స్టేజీ మీద వైరు గుచ్చే మగవాళ్ళు టేపు దాటి రాకూడదు గనుక తనే గుచ్చుకుంది. వెనక తెర మీద బస్సు కనిపించింది. 

"ఇది మా అమ్మ పని," అంది. "చూస్తే చిన్నగ అనిపిస్తది. మీరే ఆడండ్రి మేడమ్." 

సుందరవల్లి గారు పైకెళ్ళి ఆడారు. మొదటి స్టాపుకే నిద్ర నటించేవాడు ఆవిడను మోసం చేశాడు. రెండో స్టాపుకు కోళ్ళ గంప తన్నేశారు. కోళ్ళు బస్సంతా ఎగిరాయి. హాలంతా లేచి, "వెనక్కి వెళ్ళండి మేడమ్! ఆ రుమాలావిడను చూడండి!" అని అరవడం మొదలుపెట్టింది. గోడ పక్కనుంచి దశరథరామారావు గారు కూడా, "ఫుట్‌బోర్డు మీద వ్యక్తిని తక్షణమే లోపలికి పిలువుము!" అని కేక వేశారు. పది నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. ఆపమని ఎవరూ అనలేదు. ఆపడానికి మగవారెవరూ పైకి వెళ్ళకూడదు కూడా.

"ఈ గేముకు నేను డబ్బు పెడతాను," అన్నారు సుందరవల్లి గారు రొప్పుతూ. "కాని ఒకటి. ఇప్పుడు చూపించిన ఈ అమ్మాయే చెయ్యాలి. రాసి ఇవ్వండి."

చిక్కంతా ఆ రాయడంలో వచ్చింది. ఆ రాత్రి కార్యక్రమం గురించి కమిటీ వారు రాసిన దాంట్లో, హరిణి అనే ఉద్యోగి రెండు ముక్కలు మాట్లాడి దిగిందనీ, తర్వాత ఒక డాన్సరు వచ్చి ప్రదర్శన ఇచ్చిందనీ ఉంది. మారుద్దామంటే కార్డుల సంగతి బయటపడుతుంది. మార్చకపోతే, గేము చెయ్యవలసిన మనిషి కంపెనీలో లేదు. కమిటీ వారు మళ్ళీ కూర్చున్నారు. చివరకు, సదరు డాన్సరును ఆమె ట్రూపు ద్వారా కుదుర్చుకోవాలని తీర్మానించి, లోవరాజు మాస్టారికి కబురు పెట్టారు.

మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళారు. నేనూ హరిణీ పక్కన కూర్చున్నాం. ఎం.డి. గారు చెప్పిందంతా విని మాస్టారు హరిణి వైపు తిరిగారు. "నీకు ఇష్టమేనామ్మా?"

"రాసుకోనియ్యండ్రి మాస్టారూ," అంది హరిణి. "నా గేము నాకుంటె చాలు."

"అయితే మా ట్రూపు షరతు ఒకటుందండి," అన్నారు మాస్టారు. "ఏ ఊళ్ళో ఆడినా మాకిదే షరతండి. పోస్టరు మీద ముందు మా డాన్సరు పేరు పడాలండి. పైన, పెద్ద అక్షరాల్తో. తర్వాతే మిగతాయన్నీ."

ఎం.డి. గారు నవ్వారు. "గేము తెరవగానే కనిపించేది కంపెనీ పేరు మాస్టారూ. తయారుచేసిన ఉద్యోగుల పేర్లు మేము వెయ్యం. అది మా పాలసీ."

"ఉద్యోగులతో నాకేం పనండి? ఈవిడ డాన్సరు కదండీ. డాన్సరు పేరు లేని పోస్టరు ఎక్కడన్నా ఉంటదాండి? జనం ఎవర్ని చూసి వస్తారండి?"

ఎం.డి. గారు దశరథరామారావు గారి వైపు చూశారు. ఆయన రూళ్ళ పుస్తకం మొదటినుంచి చివరిదాకా తిరగేశారు. డాన్సరు చెయ్యి ఎత్తకూడదని ఉంది, కదలకూడదని ఉంది, లోపలికి రాకూడదని ఉంది. "నర్తకి నామధేయము ప్రకటింపరాదని ఎచ్చటను లేదు," అన్నారు. సంతకాలు అయ్యాయి.

ఇప్పుడు ఆ గేము చాలామంది ఫోనుల్లో ఉంది. తెరవగానే ముందు "హరిణి" అని నిండుగా పడుతుంది. దాని కింద "కండక్టరమ్మ". కంపెనీ పేరు ఎక్కడో అడుగున, మా ట్రూపు పేరు పక్కన ఉంటుంది. తెర మీద మొదటిసారి ఆ అక్షరాలు వేసి చూసిన రోజు హరిణికే సిగ్గేసింది. 

"బాగ పెద్దగున్నది మాస్టారూ. కొంచెం చిన్నగ చేద్దామా?"

"ఊరుకోమ్మా," అన్నారు మాస్టారు. "చిన్నది చేస్తే నిన్ను ఆఫీసులో మనిషనుకుంటారు."